త్రవ్వినవాఁడే కడుగవలయును

మన దేశమున గొయ్యి త్రవ్వుటకు ముహూర్తమున్నది గాని పూడ్చుటకు లేదు. శంకుస్థాపన మనఁగానే మంత్రులు వత్తురు, టెంకాయలు కొట్టుదురు, శిలాఫలకముపై పేర్లు చెక్కింతురు. గనిలోని పని ముగిసి, కూలివారు వెడలిపోయి, యంత్రములు త్రుప్పుపట్టిన నాఁడు అచ్చటికి వచ్చు పెద్దమనుష్యుఁ డొక్కఁడును గానరాఁడు. ప్రారంభమునకు వేయిమంది కర్తలు. సమాప్తికి కర్త లేఁడు. వ్యాకరణమున కర్తృపదము లేని వాక్యము చెల్లవచ్చును. లోకవ్యవహారమున మాత్రము కర్త లేని కర్మము ఎవ్వని నెత్తిపైనో పడక మానదు. అది సాధారణముగా ఆ గనికి ప్రక్కనున్న పల్లెవాని నెత్తిపైఁ బడును.

యురేనియము గనులనుగూర్చి మేమీ మాట చెప్పుచున్నాము. కడప జిల్లాలో వేముల మండలమునందలి తుమ్మలపల్లెకడ యురేనియము గనికిని కర్మాగారమునకును 2007 నవంబరు 20వ తేదీన శంకుస్థాపనము జరిగినది. 2012లో ఆ కర్మాగారము పనికి వచ్చినది. దానిని నడపునది కేంద్రప్రభుత్వమునకుఁ జెందిన యురేనియము కార్పొరేషను. ఇంకను నడచుచున్న గనికి శుద్ధిని గూర్చిన ప్రసంగ మిప్పు డేల యని కొందఱకుఁ దోఁపవచ్చును. ఇప్పుడే కావలయు నని మా వాదము. మూఁతపడిన గనిని శుద్ధిచేయుమని యడుగువాఁడు గోడతో మాటలాడుచున్నాఁడు. నడచుచున్న గనిని అడిగిన యెడల ప్రత్యుత్తరమీయ నొక మనుష్యుఁడైన నుండును.

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో బడిపిల్లలకుఁ బాఠములు చెప్పుకొను మావంటివారికి కడప జిల్లా గనితో నేమి పని యని మఱికొంద ఱడుగుదురు. పని యున్నది. తుమ్మలపల్లెలో రాతినుండి తీసిన పచ్చని పొడి యచ్చట నిలిచియుండదు. మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే, మౌలాలికిని ఈ.సీ.ఐ.ఎల్. కూడలికిని నడుమ, 1971లో నెలకొల్పఁబడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సునకు వచ్చి చేరును. ఇచ్చట నది యింధనపు బిళ్లలై, కడ్డీలై, దేశమందలి యణువిద్యుత్కేంద్రములకుఁ బోవుచున్నది. పొడి మన జిల్లాకు, వెలుఁగు పట్టణములకు, బురద పులివెందుల ప్రాంతపు పల్లెలకు వచ్చినవి. పంపకము లిట్లు జరిగినప్పుడు, మంచి పాలు పుచ్చుకొన్నవారు చెడ్డ పాలునుగూర్చి మాటలాడుట పరుల జోలి కాదు, ఋణవిమోచనము.

ఆ బురద యెంత యని లెక్క వేయుదము. మా నాలవ తరగతి పిల్లలు వేయఁగల లెక్క యిది. తుమ్మలపల్లె రాతిలో యురేనియము నూటికి సుమారు 0.04 పాలు మాత్రమే. అనఁగా నొక టన్ను రాయి పిండి కొట్టినచో దొరకునది రమారమి 400 గ్రాములు. మిగిలిన 999 కిలోలకుఁ బై చిల్లర మడ్డియై పోవును. కర్మాగారము పూర్ణశక్తితో నడచిన దినమున 3000 టన్నుల రాతిని మ్రింగును. లోపలికి పోయినది 3000 టన్నులు. సరకుగ బయటికి వచ్చునది సుమారు 1 టన్ను 200 కిలోలు. తక్కిన దంతయు సోడాక్షారపు నీటితోఁ గలిసి, గొట్టముల వెంబడి పోయి, ఆ గ్రామస్థులు టెయిలింగు పాండని పిలుచు చెఱువులోఁ బడును. దానిని చెఱువనుట భాషకే యపచారము. మన పూర్వులు చెఱువు త్రవ్వించుటను పుణ్యకార్యములలోఁ జేర్చిరి. ఈ చెఱువున పశువు నీరు త్రాగదు, దీని క్రింద మడి పండదు.

యురేనియమును తీసివేసితిమి గదా, మిగిలినది వట్టి రాతిపొడియే గదా యని యొక సమాధానము వినవచ్చుచుండును. ఇది తెలియక చెప్పిన మాటయైన క్షమింపవచ్చును, తెలిసి చెప్పినదైన క్షమింపరాదు. యురేనియ మొంటరిగా నుండు పదార్థము కాదు. అది యుగయుగములుగా మెల్లమెల్లఁగ క్షీణించుచు థోరియముగను, రేడియముగను, రాడాను వాయువుగను మాఱుచు, ఆ సంతతినంతను తనతోఁబాటు రాతిలోనే యుంచుకొనియుండును. కర్మాగారము తండ్రిని బట్టుకొనిపోవును. పిల్లలను మడ్డిలో విడిచిపెట్టును. రాతియందు మొదట నున్న కిరణశక్తిలో నూటికి సుమారు 85 పాళ్లు మడ్డిలోనే నిలిచియుండు నని శాస్త్రజ్ఞుల గణన. భూమిలో బిగిసియున్న రాయి వేఱు, పిండియై యెండకు గాలికి వానకు వదలఁబడిన రాయి వేఱు. మొదటిది తాళము వేసిన పెట్టె. రెండవది బోర్ల త్రోసిన పెట్టె.

ఇఁక కాలప్రమాణము. రేడియము సగము క్షీణించుటకు 1600 సంవత్సరములు పట్టును. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుఁడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయము మనకు మిక్కిలి ప్రాచీనముగఁ దోఁచును. దాని వయస్సు 1600లో సగము మాత్రమే. విష్ణుకుండినులు రాజ్యమేలిన నాఁడు పాఱఁబోసిన రేడియము నేఁటికి సగమే తగ్గియుండును. ఆ రేడియమును బుట్టించు థోరియమునకో, అర్ధాయువు సుమారు 75,000 సంవత్సరములు. మన తెలుఁగు వాఙ్మయమంతయు నన్నయభట్టునుండి లెక్కించినను వేయేండ్లది. ఇట్టి పదార్థమును కాపాడు బాధ్యతను, అయిదేండ్ల కొకమాఱు మాఱు ప్రభుత్వములకును, ముప్పదియేండ్ల కుద్యోగవిరమణము చేయు నధికారులకును అప్పగించి, పత్రములలో భద్రమని వ్రాసికొని తృప్తిపడుచున్నాము.

ఆ చెఱువు మాట యేమైనది? అడుగున వేయవలసిన పొరను నియమానుసారముగ వేయలేదని 2019లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలియే యా సంస్థకు సంజాయిషీ తాఖీదు పంపినది. కొట్టాల, మబ్బుచింతలపల్లె మొదలగు గ్రామముల రైతులు తమ బోరుబావుల నీరు చెడినదని, నేలపైఁ దెల్లని యుప్పు పేరుకొనుచున్నదని, అరఁటితోఁటలు మాడిపోవుచున్నవని మొఱపెట్టిరి. సంస్థ యా దోషము తనది కాదన్నది. రైతు ఔనన్నాఁడు, సంస్థ కాదన్నది. నడుమ సత్యము చెప్పవలసిన బావినీటి లెక్కలు మాత్రము రైతునకు తెలియు భాషలో, అతఁడు చూచు గోడపై, నేఁటికిని వ్రేలాడుట లేదు.

ఇచ్చట ప్రతిపక్షులు చెప్పు వాదములను దాఁచక చెప్పి, ఒక్కొక్కదానికి జవా బిచ్చెదము.

మొదటి వాద మిది: కడప సీమ రాళ్లలోనే యురేనియ మున్నది, గని రాకపూర్వమే బావులలో నది కొంత యుండియుండును, కావున గనిని నిందింపరాదు. ఈ వాదములో సత్యాంశ మున్నది, మే మొప్పుకొనుచున్నాము. కాని దీనినుండి తేలు కర్తవ్య మేమి? త్రవ్వకమునకు మునుపు ప్రతిబావి నీటిని పరీక్షించి, అంకెలు ప్రకటించి, తరువాతి యంకెలతో సరిచూడవలసిన భారము త్రవ్వువానిదే యని తేలుచున్నది గదా! ఇల్లు అద్దెకుఁ బుచ్చుకొనువాఁడు గోడపగుళ్లు మునుపే యున్నవని తరువాత వాదించునెడల, మునుపే చూపి వ్రాయించుకొనవలసినది. ప్రకృతిని సాక్షిగఁ బిలుచువారు, ఆ సాక్షి వాఙ్మూలమును ముందుగా నమోదుచేసియుండవలెను.

రెండవ వాదము దేశావసరము. విద్యుత్తు కావలయును, బొగ్గుపొగ తగ్గవలయును, అణుశక్తి లేక గడవదు. మే మణుశక్తికి శత్రువులము కాము. బడిలో దీపము వెలుఁగవలెనని మాకును నున్నది. కాని దేశావసర మనునది గొప్ప మాట కాఁబట్టియే దాని ఖర్చును దేశమే భరింపవలెను. దేశమంతకుఁ గావలసిన వస్తువునకు అయిదాఱు పల్లెలు మాత్రమే మూల్యము చెల్లింపవలె ననుట యే ధర్మశాస్త్రము? శుద్ధి ఖర్చును కలిపినచో విద్యుత్తు ప్రియమగు నందురా? అట్లయిన, ఇంతవఱకు చౌకగ నున్నట్లు కనఁబడినది రైతు జేబునుండి రహస్యముగఁ దీసిన సొమ్మువలన నన్నమాట. అప్పును లెక్కలో వ్రాయకుండుట పొదుపు కాదు.

మూఁడవ వాదము మా మిత్రపక్షమునుండియే వచ్చుచున్నది. గనిని రేపే మూయించుఁడు, అంతటితో పీడ విరగడయగు నని వారందురు. వారి యావేదన మాకుఁ దెలియును. వారి యుపాయ మపాయకరము. మూసివేత వేఱు, శుద్ధి వేఱు. తాళము వేసి పోయినంతమాత్రమున చెఱువులోని మడ్డి తాళమునకు లోఁబడదు. అది వానకు ఊఱును, ఎండకు దుమ్మై లేచును, కట్ట తెగిన పొర్లిపోవును. నడచు గనికిఁ గాపలావాఁ డుండును, ఆదాయ ముండును. విడిచిన గనికి రెండును ఉండవు. శుద్ధి ప్రణాళికయు, ధనమును చేతికి రాకముందే మూయుమని కోరుట దోషిని విడుదల చేయుమని కోరుటయే.

లోకములో నిట్లు జరిగినదా యని యడుగువారికి రెండు దేశముల కథ చెప్పెదము. అమెరికాలో నవాహో జాతివారి భూములందు 1944 మొదలు 1986 వఱకు యురేనియము త్రవ్విరి. కంపెనీలు వెడలిపోయినవి, 500కుఁ బైఁబడిన గనులు దిక్కులేక నిలిచినవి. 1979 జూలై 16న చర్చిరాక్ అను చోట మడ్డిచెఱువు కట్ట తెగి, వేయి టన్నులకు మించిన వ్యర్థము నదీమార్గమున పాఱినది. అమెరికాలోనే మోయాబు పట్టణముకడ, కొలరాడో నదియొడ్డున, 1 కోటి 60 లక్షల టన్నుల మడ్డిగుట్టను విడిచి, దాని యజమాని యగు కంపెనీ 1998లో దివాలా తీసినది. కంపెనీ కాగితములపై మృతి నొందవచ్చును. మడ్డికి మృతి లేదు. తుద కా గుట్టను రైలుబండ్ల కెక్కించి ముప్పది మైళ్ల యవతలికి మోయు పని 2009లో ప్రభుత్వమే, ప్రజల పన్నులతో, ప్రారంభింపవలసివచ్చినది.

జర్మనీ మఱియొక త్రోవ చూపినది. తూర్పు జర్మనీలో విస్ముత్ సంస్థ 1990 వఱకు రెండు లక్షల టన్నులకు మించి యురేనియము తీసి, గుట్టలను గోతులను మిగిల్చినది. దేశ మేకమైన పిదప, 1991లో జర్మనీ ప్రభుత్వము ఆ భారమును తనపై వేసికొని, శుద్ధికై 1300 కోట్ల మార్కులను ఒడ్డినది. గోతిలోనుండి తీసిన రాతిని మరల గోతిలోనికే త్రోసిరి, మడ్డిచెఱువులపై పొరలు పఱచిరి, గనినుండి యూఱు నీటిని కడుగు యంత్రములు పెట్టిరి. రోన్నెబుర్గు గనుల ప్రాంతమున 2007లో జాతీయోద్యాన ప్రదర్శనము జరిగినది. అయినను పని ముగియలేదు. నీటిని కడుగుట ముప్పదియేండ్ల పిదపను సాగుచునే యున్నది. దీనివలన మనము నేర్వవలసినది రెండు సంగతులు. శుద్ధి సాధ్యము; కాని శుద్ధి త్రవ్వకముకంటె దీర్ఘమైనది, మిక్కిలి ఖరీదైనది.

అంత దూర మేల? శామీర్‌పేట ప్రాంతీయులకు కంటి యెదుటనే పాఠ మున్నది. పూర్వము శామీర్‌పేట మండలములోనిదైన జవాహర్‌నగరున ఇరువదియేండ్లకుఁ బైఁగా హైదరాబాదు చెత్త గుట్టలుగ పడినది. కోటి యిరువది లక్షల టన్నులని చెప్పఁబడు నా పాత గుట్టపై కొన్నియేండ్ల క్రిందట మట్టియు, ప్లాస్టిక్కు పొరయు కప్పి, పైన పచ్చిక మొలిపించిరి. దూరమునుండి చూచువారికి కొండపైఁ బచ్చిక రమణీయముగనే యుండును. కాని యా కప్పునకు మునుపే గుట్టనుండి యూఱిన నల్లని ద్రవము మల్కారము చెఱువును జేరియుండెను. దానిని శుద్ధిచేయుటకు వేఱుగ యంత్రాగారమును నిర్మింపవలసివచ్చినది. చెత్తయు యురేనియపు మడ్డియు సమానములని మేము చెప్పుట లేదు. కాని తర్క మొక్కటియే. కప్పుట కడుగుట కాదు. ముందు పోసి తరువాత నాలోచించువారికి రెండు ఖర్చులు. నగరమున కంటినంటియున్న స్థలమున, పత్రికలు వ్రాయుచుండఁగా, న్యాయస్థానములు విచారించుచుండఁగా ఇంత యాలస్యమైనప్పుడు, కడప కొండలనడుమ నున్న చెఱువు నెవరు తలఁచుకొందురు?

తెలంగాణమువారమగు మనకు ఇచ్చట నొక యాత్మపరీక్ష యవసరము. నల్లగొండ జిల్లాలో, నాగార్జునసాగరు జలాశయమునకు సమీపమున, లంబాపురము పెద్దగట్టు గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు 2003 నాఁటి బహిరంగ విచారణలో ప్రజలు గట్టిగ నెదిర్చిరి. నల్లమలలో యురేనియపు టన్వేషణము వల దని 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యేకగ్రీవముగఁ దీర్మానించినది. రెండును మెచ్చఁదగినవే. కాని మన యడవిలో వల దన్న వస్తువును ఇతరుల పొలమునుండి తెప్పించుకొని మన జిల్లాలోనే బిళ్లలు చేయించుచు, ఆ పొలము గతి యేమని యడుగకుండుట ఏపాటి యహింస? మాంసము తినుచు కసాయిని దూషించువాని శీలమువంటిది గదా యిది!

ఇంతలో, ఆ యడుగు హక్కు కూడ సన్నగిల్లుచున్నది. అణుఖనిజముల త్రవ్వకములకు బహిరంగ ప్రజాభిప్రాయ సేకరణ మక్కఱ లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణశాఖ మినహాయింపు నిచ్చినది. దేశరక్షణయు, త్వరయు కారణములుగఁ జెప్పఁబడినవి. ఒక దినము గ్రామస్థుల నెదుటఁ గూర్చుండి వారి ప్రశ్నలు వినుటకు తీఱిక లేనివారికి, 1600 ఏండ్లు వారి భూమిని కాచుటకు తీఱిక యెచ్చటనుండి వచ్చును?

వట్టి నిందతో ముగించుట మా యలవాటు కాదు. చేయవలసిన దేమో చెప్పెదము. మూసివేతకుఁ గావలసిన ధనమును, గని నడచుచున్న కాలముననే, తీసిన ప్రతి టన్నునకు నింత యని వేఱుపఱచి, సంస్థ తాఁకఁజాలని నిధిలో నుంచి, ఏఁటేఁట మొత్తమును ప్రకటింపవలెను. చెఱువు చుట్టునున్న ప్రతి బోరుబావి నీటిని, సంస్థకు సంబంధము లేని పరీక్షకులు ఋతువున కొకమాఱు పరీక్షించి, ఫలితమును తెలుఁగులో పంచాయతి కార్యాలయపు గోడపై నంటింపవలెను. చెఱువడుగు సరిగ లేదని తేలిన యెడల, అది సరియగువఱకు క్రొత్త మడ్డి పోయరాదు. చుట్టును బావులు త్రవ్వి, ఊఱు నీటిని పట్టి, కడిగి కాని విడువరాదు. గని లోపలి ఖాళీలలోనికి మడ్డిని మరలింప వీలున్నంతవఱకు మరలింపవలెను. గనిలో పనిచేసినవారికిని, చుట్టుపట్ల పల్లెవారికిని ఆరోగ్యపు చిట్టా నొకదానిని తెఱచి, ఉద్యోగము ముగిసినను, గని మూఁతపడినను, దానిని మూయకుండవలెను. బహిరంగ విచారణ మరల ననివార్యము కావలెను. అది తెఱచునప్పుడే కాక మూయునప్పుడును జరుగవలెను.

అమెరికాలో 1978లో చేసిన చట్టము ననుసరించి యేర్పఱచిన నియమములలో, మడ్డిపైఁ గప్పు కప్పు సాధ్యమైనంతవఱకు 1000 ఏండ్లు, ఎట్లైనను 200 ఏండ్లకుఁ దక్కువ కాకుండ నిలువవలె నని యున్నది. రేడియము ప్రమాణమున నిదియు చాలదు. కాని యచ్చట నొక సంఖ్యయైన నున్నది. ఆ సంఖ్యనుబట్టి యొకరిని నిలఁదీయవచ్చును.

సంస్కృతమున పంకప్రక్షాళన న్యాయ మొకటి యున్నది. బురద త్రొక్కి కాళ్లు కడుగుకొనుటకంటె త్రొక్కకుండుటయే మే లని దాని భావము. లంబాపురమునకు, నల్లమలకు ఆ న్యాయము వర్తించును, వారింకను త్రొక్కలేదు. తుమ్మలపల్లె విషయమున దానిని వల్లించుట నిష్ప్రయోజనము. కాలు మోకాలివఱకు దిగిపోయినది. అచ్చట మిగిలిన ధర్మ మొక్కటే, కడుగుట. త్రొక్కినవాఁడే కడుగవలయును, త్రొక్కించినవాఁడు నీళ్లు పోయవలయును.

మన రాజులు దానశాసనములు వ్రాయించునప్పుడు దాత పేరు, భూమి యెల్లలు, ఆచంద్రార్క స్థాయిగ నుండవలె నను కోరికయు, దానిని భంగపఱచినవానికిఁ గలుగు దోషమును రాతిపైఁ జెక్కించిరి. వారి దానములలో ననేకములు వందేండ్లైన నిలువలేదు. మన మిచ్చుచున్న యీ మడ్డి మాత్రమే నిజముగ నాచంద్రార్కమని చెప్పఁదగిన దానము. కావున దానికిని నొక శాసనము వేయింపుఁడు. ఇచ్చట నేమి పాఁతిపెట్టఁబడినది, ఎంత లోఁతున నున్నది, ఎవరు పెట్టిరి, ఎవరు కావలియుండవలెను, ఆ కావలికి ధనమెచ్చట నున్నది యని తెలుఁగున స్పష్టముగఁ జెక్కింపుఁడు. శంకుస్థాపన ఫలకముపై పేరు చెక్కించుకొన్న ప్రభుత్వములు ఈ ఫలకముపైఁ గూడ తమ పేరు చెక్కించుకొనవలెను. అందుల కంగీకరింపని ప్రభుత్వమునకు గునపము పట్టు నధికారము లేదు.